పెద్ద కళాభవనం కంటే ముందు స్టూడియోలు ఇవ్వండి, మేయర్ గారూ

మేయర్ గారికి నమస్కారం.

డౌన్‌టౌన్‌కి మళ్ళీ జనం రావాలంటే భారీ కళాభవనం కట్టాలంటున్నారు కదా, టెండర్లు పిలిచే ముందు మినెసోటా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేసిన ఆన్ మార్కుసెన్ పరిశోధన దయచేసి చదవండి. 2003లో ఆమె, సహరచయిత డేవిడ్ కింగ్ చెప్పింది ఇదే: కళల వల్ల ఊరికొచ్చే లాభం టికెట్ల లెక్కకు అందదు, ఎందుకంటే కళాకారుల్లో చాలామంది సొంతంగా పనిచేసుకుంటారు, తమ పనిని బయటి ప్రాంతాలకు అమ్ముతారు, స్థానిక కంపెనీలకు డిజైన్లోనూ ప్రకటనల్లోనూ ఉపయోగపడతారు. ఆ డబ్బు ఊళ్ళోకే వస్తుంది!

కళలతో ఊళ్ళకు ఎలా జీవం పోయాలన్న దానిపై 2010లో ఆన్ గడ్వాతో కలిసి మార్కుసెన్ రాసిన నివేదికైతే అమెరికా మేయర్లను కూడా ఉద్దేశించిందే. ప్రభుత్వం, వ్యాపారులు, స్వచ్ఛంద సంస్థలు, స్థానికులు కలిసి పనిచేయాలంటుంది.

కాబట్టి ఖాళీ గోడౌన్లను స్టూడియోలుగా మార్చండి, ముఖ్యంగా అద్దెలకు దీర్ఘకాలిక రక్షణ పెట్టండి. న్యూయార్క్‌లోని సోహో ప్రాంతంలో పాత ఫ్యాక్టరీలకు ప్రాణం పోసిన కళాకారుల్లోనే చాలామంది చివరికి అద్దెలు కట్టలేక వెళ్ళిపోయారు, ఇక్కడ అలా జరగకూడదు. బడ్జెట్ ఖరారు చేసేలోపు కళాకారులను, మన డౌన్‌టౌన్ వీధుల్లో ఉండేవాళ్ళను పిలిచి మాట్లాడండి.