పూర్వ విద్యార్థుల వార్తల్లో అందరికీ చోటివ్వండి

సంపాదకులకు,

నమస్కారం. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మీ జిల్లా పేజీలో రోజు మార్చి రోజు ఒక పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఫొటో వస్తోంది. ఇన్నేళ్ల తర్వాత కలుసుకున్నారని, గురువులకు శాలువాలు కప్పారని, కాలేజీకి ఆర్‌ఓ ప్లాంటు ఇచ్చారని రాస్తున్నారు. చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. అయితే ఫొటోలో యాభై మంది ఉంటే వార్తలో ముగ్గురో నలుగురో ఉంటారు. అమెరికాలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఒక డాక్టరు, రెవెన్యూలో ఒక అధికారి. మిగతావాళ్లు డిగ్రీ అయ్యాక ఎటు వెళ్లారు, ఏ పని పట్టుకున్నారు, ఇల్లెలా గడుస్తోంది అన్నది ఒక్క ముక్క ఉండదు. ఆ ముక్క చాలామందికి అవసరం. ముఖ్యంగా ఇప్పుడు ఇంటర్ పరీక్షలకు కూర్చుంటున్న పిల్లలకు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. నేను ఈ జిల్లాలోనే ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) 2008లో పూర్తి చేశాను. అదే ఏడాది ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాను. అంతవరకు ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా ఉన్న ఆ క్యాంపస్ ఆ ఏడాదే డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ యూనివర్సిటీ అయింది. మా ఊళ్లో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే. 2010లో పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీ కెమిస్టుగా, అంటే మందు నాణ్యత పరీక్షించే ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం చేతికి ఎనిమిది వేలు.

ఆ ఉద్యోగం గురించి కాస్త వివరంగా రాస్తాను. మన జిల్లాలో కెమిస్ట్రీ చదివిన పిల్లల్లో చాలామంది చివరికి చేరేది అక్కడికే అయినా, లోపల ఏం పని ఉంటుందో కాలేజీలో ఎవరూ చెప్పరు. డిగ్రీ ల్యాబ్ అంటే మాకు బ్యూరెట్, పిపెట్, సాల్ట్ ఎనాలిసిస్. కంపెనీ ల్యాబ్‌లో నా ముందు పెట్టింది హెచ్‌పీఎల్‌సీ, మందులో ఏ రసాయనం ఎంతుందో విడదీసి చూపే మెషీన్. దాని గురించి పరీక్షలో రాశాను, బొమ్మ గీశాను, మెషీన్ మాత్రం అప్పటిదాకా చూడలేదు. శాంపిల్ తూచి, కరిగించి, వడగట్టి, చిన్న వయల్‌లో పోసి పెడితే అది కాలమ్‌లోంచి వెళ్తుంది, స్క్రీన్ మీద పీకులు వస్తాయి. ఉండకూడని చోట చిన్న పీకు కనిపిస్తే అది ఏ ఇంప్యూరిటీ, పరిమితి దాటిందా లేదా అన్నది తేలేదాకా ఆ బ్యాచ్ కదలదు. తూకం, టైము ఏదైనా అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టాలి. పొరపాటు పడితే వైట్‌నర్ వాడకూడదు. పాత అంకె కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. మందు వేసుకునే మనిషి ప్రాణం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుందని నాకు నేర్పింది ఒక సీనియర్ అక్క. ఆవిడ నాకన్నా ముందు మా కాలేజీలోనే, అదే ల్యాబ్‌లో చదివిందని కంపెనీలో చేరాక తెలిసింది. ఫైనలియర్‌లో ఉండగా ఆవిడ ఒక్క గంట మా క్లాసుకు వచ్చి మాట్లాడి ఉంటే నాకు మొదటి నెలల్లో అంత టెన్షన్ ఉండేది కాదు. రమ్మని ఆవిడను ఎవరూ అడగలేదు. ఆవిడ ఎక్కడుందో కాలేజీకి తెలియదు.

పెళ్లయి నరసన్నపేట వచ్చాక కొన్నాళ్లు అంత దూరం వెళ్లి వచ్చాను. రెండో పాప పుట్టాక మానేశాను. బీఈడీ చేశాను. 2018 డీఎస్సీలో రాలేదు. ఆ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లోనే. 16,347 పోస్టులన్నారు, రాశాను, రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. నెలకు పదిహేను వేలు. పిల్లలకు నా పాఠమంటే ఇష్టం, నాకు చెప్పడమంటే ఇష్టం. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. కానీ మా కాలేజీ గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీలో గానీ, మీ పేజీలో గానీ నాలాంటి వాళ్లం ఎవరం ఉండం.

ఈ సంక్రాంతికి మా 2008 బ్యాచ్ కూడా కలిసింది. ఒక్కొక్కరం లేచి ఎవరి సంగతి వాళ్లం చెప్పుకున్నాం. మరునాడు పేపర్లో వచ్చింది ఇద్దరి సంగతే. ఆ ఇద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్లే, వాళ్లంటే మాకందరికీ గౌరవం. రాని సంగతుల్లో ఒకటి రెండు ఇక్కడ చెబుతాను.

మా క్లాస్‌మేట్ ఒకడిది పలాస దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వెళ్లి మెడికల్ రిప్రజెంటేటివ్‌గా తిరిగాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, సోంపేట వైపున్న ఉద్దానం మీద పడ్డప్పుడు వాళ్ల జీడితోట, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అవి తాత వేసిన చెట్లు. నాన్న మంచం పట్టినట్టయిపోతే వీడు ఉద్యోగం వదిలేసి ఊరొచ్చేశాడు. పాత పద్ధతిలో పిక్క నాటకుండా అంటుమొక్కలు తెచ్చి వేశాడు. మొదటి కాపు కోసం ఆగాల్సిన ఏళ్లలో మధ్యలో అపరాలు వేసి ఇల్లు నడిపాడు. వాడు మాట్లాడుతుంటే మా జువాలజీ క్లాసు గుర్తొచ్చింది. జీడికి పెద్ద శత్రువు టీ దోమ. లేత చిగురు రసం పీల్చేస్తుంది, కొమ్మ నల్లబడి ఎండిపోతుంది. చిగురు వేసినప్పుడు ఒకసారి, పూత మీద ఒకసారి, పిందె మీద ఒకసారి చూసుకోవాలి, చూడకుండా మందు కొట్టడం దండగ అని ఊళ్లో రైతులందరికీ చెబుతున్నాడట. పురుగు కాళ్లు, రెక్కలు రికార్డులో గీయించి సంతకం పెట్టిన మా మేడమ్ అక్కడే కూర్చుని వింటున్నారు. 80 కిలోల బస్తా ధర ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు అమ్ముకోకుండా ఆగాలి, ఆగాలంటే చేతిలో ఎంత డబ్బుండాలి అని వాడు లెక్క చెబుతుంటే కామర్స్ చదివినవాళ్లు కూడా నోరెత్తలేదు. ఉద్దానంలో జీడితోట ఉన్న ఇంటి పిల్లవాడు డిగ్రీలో చేరే ముందు వినాల్సిన మాటలివి.

ఇంకొక అమ్మాయి డిగ్రీ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసింది. సోంపేట వైపు పని చేస్తోంది. అక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువ. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, ఆ మాట అక్కడ బడికి వెళ్లని ముసలమ్మలకు కూడా తెలుసు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు మొహంలో ఏమీ కనపడకుండా చూసుకోవడం తనకు ఇప్పటికీ కష్టమేనంది. సెకండియర్‌లోనే ఆర్మీకి వెళ్లినవాడు సర్వీసు పూర్తి చేసుకుని ఊరొచ్చి, ఇప్పుడు రెండో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మా క్లాస్ ఫస్ట్ అమ్మాయి పెళ్లయి ఖరగ్‌పూర్ వెళ్లింది, భర్తది రైల్వే. తన వంతు వచ్చినప్పుడు "నేనేం చేయట్లేదు, ఇంట్లోనే" అని కూర్చుండిపోయింది. పక్కనున్నవాళ్లు గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, రైల్వే క్వార్టర్స్‌లో మనవాళ్ల పిల్లలకు సాయంత్రాలు సైన్సు, లెక్కలు చెబుతోంది, సెలవుల్లో తెలుగు రాయడం నేర్పుతోంది. నాకు చాలా బాధనిపించింది. అంత తెలివైన మనిషి, అంత పని చేస్తూ, చెప్పుకోవడానికి ఏమీ లేదనుకుంటోంది.

ఇక కాలేజీల సంగతి. కాలేజీల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే చాలు, ఎన్నడూ లేనిది మాకు ఫోన్లు మొదలవుతాయి. న్యాక్ మార్కుల్లో చదువు ముగించినవాళ్లు ఏమయ్యారన్నదానికి, పూర్వ విద్యార్థుల పాత్రకు విడిగా లెక్క ఉంది. అందుకని ఐడీ కార్డు ఫొటో, ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పంపమంటారు. పంపుతాం. ఉద్యోగం లేదంటే "సరేనమ్మా" అని పెట్టేస్తారు. బృందం వెళ్లిపోయాక ఆ ఫైలు బీరువాలోకి వెళ్తుంది. ఇది ఏ ఒక్క కాలేజీ సంగతో కాదు, చాలామంది స్నేహితులు ఇదే చెప్పారు. అంత కష్టపడి సేకరించిన వివరాలు అదే కాలేజీలో చదువుతున్న పిల్లల కంటపడకపోతే ఎవరికి లాభం?

మా రోజుల్లో ఈ లోటు కొంత సర్దుకునేది. మూడు సబ్జెక్టులు చదివేవాళ్లం, ఒకటి కాకపోతే మరొకటి పట్టుకునేవాళ్లం. 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే బోటనీయా, జువాలజీయా, కెమిస్ట్రీయా అని తేల్చుకోవాలి. మా స్కూల్లో పదో తరగతి చదివి వెళ్లిన పిల్లలు ఇంటర్ అయ్యాక అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. "మా గుంటని డిగ్రీలో జాయిన్ సేద్దుమనుకుంటన్నాం మేడమ్, ఏ సబ్జెక్టు తీస్తే ఏటవుతాది?" అని అడుగుతారు. కెమిస్ట్రీ గురించి నాకు తెలిసింది చెప్పగలను. ఎకనామిక్స్ చదివినవాళ్లు ఏమయ్యారో, హిస్టరీ చదివిన ఆడపిల్లలు ఎక్కడున్నారో నేనెలా చెప్పను? చెప్పగలిగినవాళ్లు ఈ జిల్లాలోనే ఊరికి పదిమంది ఉన్నారు.

పైగా 2020-21లో చేరినవాళ్ల నుంచి డిగ్రీలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఎక్కడ చేయాలో తెలియక పిల్లలు ఆన్‌లైన్‌లో ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చేస్తున్నారు. పలాసలో జీడిపప్పు పరిశ్రమలున్నాయి, పైడిభీమవరంలో ల్యాబులున్నాయి, వాటిలో మనవాళ్లే ఉన్నారు. ఎవరు ఎక్కడున్నారో రాసిపెట్టిన పుస్తకం ఒకటి కాలేజీలో ఉంటే, హెచ్‌ఓడీ ఒక ఫోన్ చేసి నలుగురు పిల్లల్ని పంపగలరు. ఆ పుస్తకం నింపడం పెద్ద పనేం కాదు. మొదటి ఏడాది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తున్నారు కదా, తమ ఊళ్లో తమ కాలేజీలో చదివినవాళ్లను కలిసి వివరాలు రాసుకురమ్మనండి. ఉద్యోగం ఒక్కటే కాదు, ఎన్నేళ్లు ఖాళీగా ఉన్నారు, కోచింగ్‌కు ఎంత అయింది, అప్పు చేశారా, ఎందుకు మానేశారు అన్నవి కూడా అడగాలి. కోచింగ్ కోసం అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో ఉండి డీఎస్సీకి చదివి, 2018 నుంచి 2025 దాకా ఎదురుచూసినవాళ్లు ఆ ఏడేళ్లు ఏం తిని బతికారో తెలిస్తే, ఇప్పుడు అదే దారి పట్టేవాళ్లు చేతిలో ఇంకో పని పెట్టుకుని వెళ్తారు. ఫోన్ నంబర్లు మాత్రం ఆఫీసులోనే ఉంచాలి, ముఖ్యంగా ఆడవాళ్లవి గోడకు అంటించకూడదు.

విజయనగరం సంగీత కళాశాల పేరెత్తితే ఘంటసాల, సుశీల అంటాం, అనాలి కూడా. 1919 నుంచి అక్కడ నేర్చుకుని బళ్లలో సంగీతం మాస్టార్లయినవాళ్లు, గుళ్లలో వాయించేవాళ్లు ఎంతమందో కదా! వాళ్లు ఎలా నెగ్గుకొచ్చారో కూడా ఈరోజు అక్కడ చేరే పిల్లవాడికి తెలియాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. జిల్లా పేజీలో వారానికి ఒకసారి అర కాలమ్ ఇవ్వండి. మన డిగ్రీ కాలేజీల్లో, ఎచ్చెర్లలో చదువు ముగించినవాళ్లు ఎవరైనా సరే, తమ సంగతి తామే రాసుకునేలా. జీతం ఎంతో రాయాలి, ఖాళీగా పోయిన ఏళ్లు రాయాలి, తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో రాయాలి. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ రాయవచ్చు, అయితే వాళ్లతో మొదలుపెట్టకండి. ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ వెబ్ ఆప్షన్లు తెరిచేలోపు మొదలైతే ఈ ఏడాది పిల్లలకే అందుతుంది. మా బ్యాచ్‌లో అడిగాను. జీడితోట మిత్రుడు, సోంపేట అమ్మాయి రాసిస్తామన్నారు. ఖరగ్‌పూర్ మిత్రురాలు ఇంకా సరే అనలేదు, ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తాను.

ఇట్లు,
2008 బీఎస్సీ పూర్వ విద్యార్థిని,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా