తల్లి పనిలో ఉన్న వేళ బిడ్డకు తినిపించేదెవరు?

సంపాదకులు గారికి,

గోదావరి జిల్లాల్లో పసిపిల్లల పోషణకు ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగితే గుడ్లు, పాలు, బాలామృతం ఇస్తున్నామన్న జవాబు వస్తుంది. అవి ఇళ్లకు చేరుతున్నాయి, చేరడం అవసరం కూడా. అయితే ఆ గుడ్డును ఉడికించి, మెత్తగా చిదిమి, ఎనిమిది నెలల బిడ్డకు ఓపికగా తినిపించే మనిషి ఆ వేళకు ఇంట్లో ఉన్నారా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు. తల్లులు కూలికి వెళ్లే డెల్టా గ్రామాల్లో పసివాళ్లను పగలంతా చూసుకునే శిశు సంరక్షణ కేంద్రాలు తెరవనంత కాలం ఈ సరుకుల వల్ల రావలసిన ఫలితం రాదని నా నమ్మకం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. ఆరు నెలలు దాటిన పసివాళ్లలో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలూ పండే నేల, రొయ్యల ఎగుమతిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం, అయినా ఈ లెక్క! ఆరో నెల నిండేదాకా తల్లిపాలు సరిపోతాయి. ఆ తర్వాత ఇనుము, మాంసకృత్తులు బయటి ఆహారం నుంచే రావాలి. పసివాడి పొట్ట చిన్నది కాబట్టి ఒక్కసారి ఎక్కువ పెట్టి సరిపెట్టలేం. తొమ్మిది నెలలు దాటాక రోజుకు మూడు నాలుగు సార్లు చిక్కటి ఆహారం పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండేళ్లలోపు ఆగిన ఎదుగుదలను ఆ తర్వాత పూడ్చడం చాలా కష్టం.

మా చుట్టుపక్కల ఇళ్లలో జరుగుతున్నది చూడండి. తల్లి వేకువనే రొయ్యల షెడ్డు ఆటో ఎక్కుతుంది. అక్కడ తలలు తీసే పనికి కిలోల లెక్కన కూలి గనుక మధ్యలో ఇంటికి వచ్చి పాలివ్వడమన్న మాటే లేదు. నాట్ల రోజుల్లో అయితే కూలీల ముఠాతో పొలానికి పోతుంది. బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఆమె మోకాళ్ల నొప్పులతోనే వంట, పాడి చూసుకుంటూ, బిడ్డ ఏడ్చినప్పుడు టీలో ముంచిన బిస్కెట్టు, మధ్యాహ్నం పలుచటి జావ పెడుతుంది. బిడ్డ పేరున వచ్చిన గుడ్లు రాత్రి ఇంటిల్లిపాదికీ పులుసులో పడతాయి. ఇందులో ఆ పెద్దావిడను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. కోనసీమలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లిన ఇళ్లలోనైతే పగలూ రాత్రీ బిడ్డ అమ్మమ్మ చేతిలోనే. ఇక వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక చెరువులో నిలవున్న నీళ్లు తాగి ఒక్కసారి విరేచనాలు పట్టుకుంటే, నెలల తరబడి కూడబెట్టిన బరువు కొద్దిరోజుల్లో పోతుంది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం మూడేళ్లు దాటిన పిల్లలను అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చోబెట్టి వేడిగా అన్నం పెడుతుంది. అంతకన్నా చిన్నవాళ్లకు సరుకులు ఇంటికి ఇచ్చి పంపుతుంది. అంటే అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన వయసులోనే బిడ్డను ఇంటికి వదిలేస్తున్నాం. నిజానికి దారులు లేకపోలేదు. 30 మందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల కోసం ప్రత్యేక గది ఉండాలని, 2025లో కొత్త కార్మిక స్మృతులు వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కేంద్రం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలనే శిశు సంరక్షణ కేంద్రాలుగా మార్చే పథకం తెచ్చింది. అందులో ఆరు నెలల పిల్లల నుంచే చేర్చుకోవచ్చు. కాగితం మీద ఉన్నవి షెడ్ల దగ్గరికీ పొలంగట్ల దగ్గరికీ రాలేదు. కాంట్రాక్టరు కింద, మస్టరులో (హాజరు పట్టీలో) పేరైనా లేకుండా పనిచేసే ఆడకూలీకి ఏ యజమాని గది కట్టిస్తాడు?

కాబట్టి షెడ్లు ఎక్కువగా ఉన్న మండలాల్లోనూ, సార్వా, దాళ్వా నాట్ల కాలంలో మిగతా గ్రామాల్లోనూ, ఒక అంగన్‌వాడీనైనా తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి. అక్కడ కాచి చల్లార్చిన నీళ్లు, పసిపిల్లలకు పడుకునే చోటు, వేళకు వండి పెట్టే ఉగ్గు ఉండాలి. వారానికి రెండుసార్లు వేయవలసిన ఇనుము సిరప్ కూడా అక్కడే వేయవచ్చు. ఈ పనిని ఉన్న టీచరు మీద, ఆయా మీద అదనంగా వేయడం మాత్రం అన్యాయం. వేతనాల కోసం వాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చిన సంగతి మరువకూడదు. పసివాళ్ల కోసం వేరుగా మనుషులను, సరైన జీతంతో, అదే ఊరి నుంచి తీసుకోవాలి. ఖర్చులో కొంత భాగం ఈ స్త్రీల శ్రమతో ఎగుమతి చేసుకుంటున్న కంపెనీలు భరించడం న్యాయం. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారిని కూడా లెక్కలో చేర్చి కార్మికశాఖ దాన్ని వసూలు చేయాలి.

కోనసీమ, పశ్చిమగోదావరి జిల్లాల కలెక్టర్లు వచ్చే నాట్లలోపు కొన్ని గ్రామాల్లోనైనా దీన్ని మొదలుపెట్టి, ఆ పిల్లల బరువు, ఎత్తు నెలనెలా గ్రామసభలో చదివి వినిపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజోలు మండలం