పోయే గాలితో ఇల్లంతా చల్లబడదు

సంపాదకులకు,

కొత్త ఇంటికి ‘ఎగ్జాస్ట్ ఎయిర్ హీట్ పంప్’ ఒక్కటి పెడితే వేడినీళ్లు, చల్లదనం, గాలి మార్పిడి మూడూ అందులోనే వస్తాయని ఎవరైనా చెబితే, గోదావరి జిల్లాలవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్క లెక్క అడగాలి: గంటకు ఎంత గాలి?

1980ల నుంచి స్వీడన్‌లో ఈ మిషన్లు వాడుకలో ఉన్నాయి. బాత్రూంలోంచి, వంటింట్లోంచి బయటికి తోసే గాలిలోని వేడిని కాయిల్‌తో లాగి నీళ్లకు ఎక్కిస్తాయి. గడ్డకట్టే చలిలో 20 డిగ్రీల గాలిని ఊరికే వదిలేయడం దండగే మరి. కానీ పోయే గాలి ఎంతో, దొరికే వేడీ అంతే. సందుల్లోంచి చలి దూరే ఇంట్లో అది చాలక లోపలి కరెంటు హీటరు అందుకుంటుంది, బిల్లు తడిసి మోపెడవుతుంది.

మన సంగతి వేరు. అయిదుగురున్న ఇంటికి గంటకు 150 క్యూబిక్ మీటర్ల గాలి మారాలి. చల్లదనం కోసం మిషన్‌ను ఉల్టా నడిపి, గదిలోని వేడితో పోయే గాలిని 26 నుంచి 50 డిగ్రీలకు వేడెక్కించి తోసినా, అది మోసుకుపోయేది 1.2 కిలోవాట్లే. అందులో కంప్రెసర్ వేడి పోతే గదికి మిగిలేది ఏసీ లెక్కలో పావు టన్ను చల్లదనం. బయటికి పోయిన గాలి స్థానంలో కొత్తది రావాలిగా? మే నెలలో 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న ఆ గాలిని 26 డిగ్రీలకు, 50 శాతానికి దించడానికే అర టన్ను పైన కావాలి. గంటకు రెండు లీటర్ల నీరు పిండాలి. అంటే ఈ మిషన్ తను తెచ్చిన ఉక్కనే తను తీయలేదు. ఏసీ విడిగా ఉండాల్సిందే.

గాలి వచ్చే దారి వదలకుండా ఎగ్జాస్ట్ మాత్రమే పెడితే ఇంకో తంటా. తలుపు సందుల్లోంచి, స్విచ్ బోర్డుల వెనక నుంచి చెమ్మగాలి లాక్కొస్తుంది. ఏసీ గదిలో బీరువా వెనక చల్లటి గోడ మీద అది నీరై, నెల తిరక్కుండా బూజు పడుతుంది. అందుకే లోపలికొచ్చే గాలికి ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) పెట్టించాలి. వచ్చే గాలిలోని వేడీ తేమా కొంత, పోయే పొడిగాలికి ఎక్కి బయటికే పోతాయి.

వేడినీళ్ల వరకు మిషన్ మంచిదే. వంద లీటర్లను 26 నుంచి 45 డిగ్రీలకు కాయడానికి గీజర్‌కు 2.2 యూనిట్లు పడితే దీనికి 0.7 చాలు. అయితే మనం వేడినీళ్లు పోసుకునేది చలికాలం మూడు నెలలే. రోజుకు వంద లీటర్లనుకుంటే మిగిలేది 130 యూనిట్ల పైచిలుకు, యూనిట్ ఏడు రూపాయలనుకున్నా ఏడాదికి వెయ్యి దాటదు. మామూలు ఇంటికి ఇది గిట్టుబాటు బేరం కాదు. ఏడాది పొడవునా నీళ్లు కాగాల్సిన అంతర్వేది, అన్నవరం లాడ్జీలకు, ఆస్పత్రులకు, హాస్టళ్లకు గిట్టుతుంది.

అయినా పెట్టించుకునేవాళ్లు వంటింటి చిమ్నీని మిషన్‌కు గాలి తెచ్చే డక్ట్‌కు (గొట్టానికి) కలపనివ్వకండి. పోపు నూనె కాయిల్ రెక్కల మధ్య జిగురులా పట్టి గాలి ఆడదు. నీళ్లు కాచేటప్పుడు కాయిల్ దాటాక గాలి 15 డిగ్రీలకు పడిపోతుంది కాబట్టి ఆ చల్లగాలి పోయే డక్ట్‌కు కనీసం 19 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ చుట్టాలి. చుట్టకపోతే ఫాల్స్ సీలింగ్ మీద చుక్కలు పడుతూనే ఉంటాయి. కాయిల్ మీద చెమ్మ నీరై కారి పోయే పైపుకు వాలు, యూ బెండు రెండూ కావాలి. సముద్రపు గాలి తగిలే కోనసీమ ఊళ్లలో పూత లేని అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలిపోతాయి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లయితే ట్యాంకు బదులు తాను కరిగే యానోడ్ కడ్డీని ఏటా తీసి చూడాలి. అది కరిగిపోయాక ట్యాంకును తుప్పు తినేయడం మొదలవుతుంది.

ఏది పెట్టించినా డక్ట్‌ల కోసం ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కలను లింటెల్ మీద, శ్లాబు పోయకముందే బిగించమని మేస్త్రీకి చెప్పండి. తర్వాత బీముకు కన్నం పెడతానంటే ఒప్పుకోకండి.

ఇట్లు,
ఒక వెంటిలేషన్ ఇంజనీరు,
అమలాపురం