ఇస్పేటు ఎనిమిది

చిరంజీవి చిట్టికి,

నాన్న ఆశీస్సులు.

ఆదివారం ఫోనులో నువ్వు చెప్పిన పోకర్ ఆట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. పోయిన డబ్బు గురించి కాదు. లాస్ వేగస్‌లో ఆ బల్ల దగ్గర రెండు వందల డాలర్లతో కూర్చున్నావు, నూట అరవై గెలిచావు, ఒకే ఆటలో మొత్తం పోయింది. సరదాకని నువ్వు విడిగా తీసిపెట్టుకున్న డబ్బే కాబట్టి దాని జోలికి నేను రాను. "నాన్నా, నా దగ్గర ఫ్లష్ ఉంది, ఒకే గుర్తువి ఐదు ముక్కలు, ఎలా వదిలేస్తాను?" అన్నావే, ఆ మాటే నన్ను పట్టుకుంది. తెల్లవారుజామున లేచి పేకముక్కలు తీసి మంచం మీద ఆ ఆటను మళ్లీ పరిచాను. దుప్పటి మీద పేకాట ఏమిటని మీ అమ్మ కసిరింది.

నీ చేతిలో ఆఠీను జాకీ, ఆఠీను పది. బల్ల మీద అందరికీ కలిపి పరిచే ఐదు ముక్కల్లో మొదటి మూడు, అదే ఫ్లాప్‌లో, కళావరు రాజు, ఆఠీను ఎనిమిది, ఆఠీను నాలుగు. నాలుగో ముక్క, టర్న్‌లో ఆఠీను రెండు పడి నీ ఫ్లష్ పూర్తయింది. ఇక్కడిదాకా నీ ఆటకు వంక పెట్టలేను. నువ్వు కాస్తున్నావు, ఎదుటి టోపీ పెద్దాయన నోరు విప్పకుండా నువ్వు వేసినంతే వేస్తున్నాడు. చివరి ముక్క ఇస్పేటు ఎనిమిది. మధ్యలో 120 డాలర్లున్నాయి, నువ్వు 80 వేశావు. గంటన్నరగా ఒక్కసారి కూడా పెంచని మనిషి అప్పుడు పెంచాడు. నీ ముందు మిగిలిన 220 మొత్తం వేస్తే తప్ప ఆయన ముక్కలు చూడలేవు.

ఆ ఇస్పేటు ఎనిమిదిని నువ్వు సరిగా చూడలేదమ్మా. దానితో నీ ఫ్లష్ పెరగలేదు, తరగలేదు. అందుకే అది నీకు పట్టలేదు. కానీ బల్ల మీద ఎనిమిదుల జత ఏర్పడింది. ఫ్లష్‌ను కొట్టేది ఫుల్ హౌస్, అంటే ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు. బల్ల మీద జత పడనంతవరకు అది ఎవరికీ రాదు, పడ్డాక రావచ్చు. ఆయన చేతిలో రెండు నాలుగులున్నాయి. అంటే ఫ్లాప్ నుంచీ ఆయనవి మూడు నాలుగులు. చేతిలో జత ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడోది తగలడం ఎనిమిది తొమ్మిదిసార్లకు ఒకసారే. తగిలితే మాత్రం ఎదుటివాడికి ఆనవాలు దొరకదు. టర్న్‌లో మూడో ఆఠీను పడగానే ఆయనే నీ ఫ్లష్‌కు భయపడి ఉంటాడు. ఎనిమిది పడ్డాక ఆయనది ఫుల్ హౌస్ అయింది, ఆ భయం పోయింది.

లెక్క కూడా వేశాను. నువ్వు 220 వేస్తే గెలిచేది 500. పదిసార్లలో మూడుసార్లకు కాస్త పైన గెలిస్తే చాలు, నష్టం లేదు. చౌకగానే కనిపిస్తుంది. కానీ నీకంటే చిన్న ముక్కలతో ఆయన అలా పెంచుతాడా? చేతిలో ఒక ఎనిమిది ఉండి మూడు ఎనిమిదులైనవాడు నీ ఎనభైకి ఎనభై వేసి చూస్తాడు, పెంచడు. చిన్న ఫ్లష్ ఉన్నవాడూ అంతే. ఇక పెంచేది ఫుల్ హౌస్ ఉన్నవాడు, లేదా ఆఠీను ఆసో రాజో రాణో చేతిలో ఉన్న పెద్ద ఫ్లష్‌వాడు. నీ ఎడమ పక్కన ప్రతి ఆటలోనూ పెంచుతూ కూర్చున్న కుర్రాడే ఇలా పెంచి ఉంటే, నేను కూడా వేసి చూసేవాణ్ణి.

నేను పోకర్ ఆడినవాణ్ణి కాను, పోయిన సంక్రాంతికి నువ్వు చింతపిక్కలతో నేర్పిందే నాకు తెలిసింది. రమ్మీ మాత్రం ముప్పై ఏళ్లు ఆడాను. నూటొక్క ఆటలో మొదటే డ్రాప్ అయి ఆట వదిలేస్తే 20 పాయింట్లు మీద పడతాయి, మధ్యలో అయితే 40, చివరిదాకా ఆడి ఫుల్ కౌంట్ అయితే 80. చెత్త ముక్కలు వచ్చినవాడు ఇరవై ఇచ్చుకుని హాయిగా టీ తాగుతాడు. ఎనభై ఎవరిస్తారో తెలుసా? నాకు ఒకసారి మూడు జోకర్లు, మూడు రాజులు, మూడు రాణులు వచ్చాయి. పక్కన ఇస్పేటు ఐదు, ఆరు. ఇస్పేటు నాలుగో ఏడో వస్తే జోకర్ కలవని వరస, అదే సీక్వెన్స్, అయిపోతుంది, ఆట నాదే. అంత అందమైన చేతిని డ్రాప్ చేయడానికి మనసొప్పలేదు. తొమ్మిదిసార్లు తీశాను, రాలేదు. ఎదుటివాడు షో కొట్టాడు. సీక్వెన్స్ లేని చేతిలో రాజులూ రాణులూ ఒక్కొక్కరు పదేసి. ఎనభై రాసుకున్నాను.

పేకాటలో పోతే పోయింది. 1995లో మన రొయ్యల గుంట సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. టైగర్ రొయ్య, నలభై కౌంట్‌కు, అంటే కిలోకు నలభై తూగే సైజుకు వచ్చింది. వల విసిరితే చేతి నిండా మెరిసేది. రెండు గుంటల అవతల తెల్లమచ్చ తెగులు కనిపించిందని విన్నాను. కొనేవాడు గట్టు మీదికి వచ్చి ధర చెప్పాడు. ఇంకో పది రోజులాగితే రొయ్య ఇంకా పెరుగుతుందని పంపేశాను. నా గుంట బాగుంది, నా రొయ్య బాగుంది, అదే నా లెక్క. ఎనిమిదో రోజు ఉదయం వెళ్లేసరికి గట్టు పొడుగునా కొంగలు, కాకులు. రొయ్యలు అంచుకు వచ్చి కదలకుండా ఉన్నాయి. ఒకదాని తల పెంకు ఒలిచి వెలుతురుకు పెడితే సున్నపు చుక్కల్లా మచ్చలు. పంట పాడై ఉంటే నేను ముందే పట్టించేసేవాణ్ణి. బాగుంది కాబట్టే మునిగాను.

నువ్వు 80 వేయడం కూడా తప్పని అనను. నేనైతే అక్కడ నలభై వేసేవాణ్ణి, లేదా డబ్బు వేయకుండా ఊరికే చెక్ చేసేవాణ్ణి. ఎనభై వేసినా సరే, ఆయన పెంచగానే ముక్కలు తిరగేసి పెట్టేస్తే 220 నీ దగ్గరే ఉండేవి. రెండు ఆసులు వచ్చినప్పుడు కూడా ఇది చూసుకో. సగటున 221 ఆటలకు ఒకసారి వచ్చే చేయి కాబట్టి మీరు దాన్ని పెళ్లికొడుకులా మోస్తారు. ఫ్లాప్ అయ్యాక అది వట్టి జతే.

ఇక్కడికి వచ్చినప్పుడు ఫోనులో ఆడతానని మాత్రం అనకు. మన రాష్ట్రంలో 2020లోనే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు మూయించారు, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. చింతపిక్కల డబ్బా అటక మీదే ఉంది. ఈ సంక్రాంతికి మీ అమ్మ కూడా కూర్చుంటానంటోంది. పోయినసారి మన వెనక నిలబడి అంతా చూసింది కదా. మొన్న నాతో ఆడి రెండు గంటలు ఒక్క పిక్క కూడా పెంచలేదు, చివర్లో పిడికెడు పెట్టింది. నా దగ్గర వరస అంకెలు ఐదు, స్ట్రెయిట్ ఉందని వేశాను. డబ్బా ఇప్పుడు ఆవిడదే.

ఆశీస్సులతో,
నాన్న
అల్లూరు, నెల్లూరు జిల్లా