మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు రిపేరు, వీధిలైట్లు, వినాయక చవితి ఖర్చులు ఎప్పటిలాగే ఉన్నాయి. జమాఖర్చుల పట్టీ హాలు గోడకు అంటించాం, చూసుకోండి. నేను ఎక్కువ చెప్పదలచింది చెక్కభజన గురించి.

సంక్రాంతి వెళ్లాక పెద్దవాళ్లకు చెక్కభజన నేర్పిద్దామని తీర్మానించినప్పుడు, "మొక్కై వంగనిది మానై వంగుతుందా అప్పా?" అని నవ్వినవాళ్లు కమిటీలోనే ఉన్నారు. వాళ్లలో నేనొకణ్ని. ధర్మవరం వైపు పల్లె నుంచి గురువుగారు వచ్చి, అనంతపురం ఎండ ముదరకముందే, పొద్దున ఆరింటికి హాలు ముందర వరుసకట్టించారు. మొదటి వారాల్లో కాలు చూసుకుంటే చెక్క తప్పేది, చెక్క చూసుకుంటే కాలు తప్పేది, పాట ఎత్తుకుంటే రెండూ ఆగిపోయేవి. "లెక్కపెట్టొద్దు సార్, వినండి" అనేవారాయన. ఫిబ్రవరి ఆఖర్లో ఒకరోజు అడుగులేస్తూనే పక్కాయనతో కరెంటు బిల్లు సంగతి మాట్లాడేశాను. అడుగు తప్పలేదు!

ఇదెట్లా జరిగిందని మన సభ్యురాలైన డాక్టరమ్మను అడిగాను. 2004లో జర్మనీలో కొందరికి మూడు బంతులు ఎగరేసి పట్టే ఆట (మన అచ్చనగాయలకు అన్నలాంటిది) మూడు నెలలు నేర్పి, మెదడు స్కానింగులు తీశారట. మెదడులో కదిలే వస్తువును కనిపెట్టే చోట గ్రే మ్యాటర్ (నాడీకణాలుండే బూడిదరంగు భాగం) పెరిగింది. సాధన మానేసిన మూడు నెలలకు మళ్లీ తగ్గింది. 2008లో అరవై ఏళ్ల వాళ్లతో చేయించినా అట్లాంటి మార్పే కనిపించింది, కాకపోతే ఆట కుర్రవాళ్లకు వచ్చినంత బాగా రాలేదు. 2009లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చూస్తే, ఆరు వారాల సాధనకే మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసే తీగల్లాంటి భాగమూ మారింది. ఆట ఎంత బాగా వచ్చిందన్నదానితో ఆ మార్పుకు సంబంధం లేదట. బంతులు జారవిడిచేవాళ్ల తరఫున నాకు ఆ మాట బాగా నచ్చింది. అట్లని మతిమరుపు పోతుందనుకోకండి. స్కూటర్ తాళంచెవి నేనింకా వెతుక్కుంటూనే ఉన్నాను.

మార్చిలో పిల్లల పరీక్షలప్పుడు చప్పుడెక్కువైందని రెండిళ్లవాళ్లు అన్నారు. వాళ్ల మాట న్యాయమే. ఆ పదిహేను రోజులూ చెక్కలు పక్కనపెట్టి ఉత్త అడుగులే వేశాం. శ్రీరామనవమికి గుడి ముందు ఆడాం, వరుస ఒక్కసారి మాత్రమే చెదిరింది.

తర్వాత ఎండలని మానేశాం. అదే మన తప్పు. ఆగస్టులో మళ్లీ నిలబడితే సగం అడుగులు మాయం! అయితే మొదట రెండు నెలలు పట్టింది, ఈసారి పది రోజుల్లో తిరిగొచ్చింది.

అందుకని వచ్చే వేసవిలో ఆపకుండా పొద్దున ఐదున్నరకే మొదలుపెట్టాలనీ, కొత్తగా చేరేవాళ్లకు పది జతల చెక్కలు కొనాలనీ కమిటీ ప్రతిపాదన. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చునే తాళం వేయొచ్చు. ఆమోదం కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి