లెక్కే రాయకపోతే నిఘా ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

2025 డిసెంబర్‌లో డెహ్రాడూన్‌లో కత్తిపోట్లకు గురైన త్రిపుర విద్యార్థి రెండు వారాలకు పైగా ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. ముందు జాతి పేరుతో తిట్టారు, తర్వాత కొట్టారు అని ఇంట్లోవాళ్లు అన్నారు. పోలీసులేమో తిట్టారనడానికి ఆధారాలు లేవన్నారు. ఎవరిది నిజమో కోర్టు తేలుస్తుంది. నా బాధ వేరే. ఇలాంటి కేసుల్లో తిట్టు అనేది మొదటి రోజే కాగితం మీదకి ఎక్కదు, ఎక్కనప్పుడు ఆర్నెల్ల తర్వాత ఆధారం చూపించమంటే ఎక్కడి నుంచి తెస్తారు?

ఇది కొత్త సమస్యేం కాదు. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ కుర్రాడి జుట్టును వెక్కిరించడంతో మొదలైన గొడవ అతని ప్రాణం తీసింది. దేశమంతా గోల చేశాక కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. ఈశాన్య రాష్ట్రాలవాళ్లను జాతి పేరుతో అవమానిస్తే ప్రత్యేకంగా శిక్షించేలా ఐపీసీలో కొత్త సెక్షన్లు పెట్టాలని ఆ కమిటీ అదే ఏడాది జులైలో చెప్పింది. పెట్టలేదు. ఐపీసీయే పోయి 2024లో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, అందులో ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి జాతి కారణంగా చంపితే ఏం చేయాలో ఉంది కానీ, చంపేదాకా వెళ్లే ముందు రోజూ వినపడే ఆ తిట్టు కోసం కమిటీ అడిగిన సెక్షన్ మాత్రం లేదు.

2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ ఘటనల మీద కన్నేసి ఉంచడానికి ఒక కమిటీ పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. మంచిదే. కానీ ఆ కమిటీ దేన్ని చూస్తుంది? మూకదాడులు, విద్వేష నేరాల మీద దేశంలో నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ 2017లో సమాచారం సేకరించి, అది నమ్మేలా లేదని ఆపేసినట్టు కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. సమాచారం బాగాలేకపోతే బాగుచేయాలి గానీ మానేస్తారా?

మన దగ్గర ఇలాంటివి ఉండవని మనవాళ్లు అనుకుంటారు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు సెలూన్లలో, హోటళ్లలో, సెక్యూరిటీ డ్యూటీల్లో ఎంతమంది మణిపూర్, మిజోరం, నాగాలాండ్ పిల్లలు ఉన్నారో చూడండి. మా వీధిలో సెలూన్ అమ్మాయి రాత్రి డ్యూటీ దిగి పీజీకి నడిచి వెళ్తుంటే బైక్ స్లో చేసి "ఏయ్ మోమో" అని అరిచి పోతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పాటేమీ పెట్టకుండా నడుస్తుందట, వినపడనట్టు కనిపించాలని. ఒకసారి స్టేషన్‌కి వెళ్తే బండి నంబర్ ఉందా అని అడిగి పంపేశారట. ఆమె ఫిర్యాదు ఏ రిజిస్టర్‌లోనూ లేదు, అంటే ప్రభుత్వం దృష్టిలో ఆమెకేమీ జరగలేదు.

పుకార్ల సంగతి 2012 ఆగస్టులోనే చూశాం. అస్సాం అల్లర్ల తర్వాత ఈశాన్యంవాళ్ల మీద దాడులు జరుగుతాయని ఎస్సెమ్మెస్‌లు తిరిగితే బెంగళూరు నుంచి వాళ్లు వేలమంది, మన హైదరాబాద్ నుంచి కూడా కొందరు రైళ్లెక్కి గువాహటి పోయారు. అప్పుడు ప్రభుత్వం రోజుకి ఐదు ఎస్సెమ్మెస్‌లే అని పరిమితి పెట్టి ఆపగలిగింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు, రీల్స్, వాటి కింద తెలుగులో బూతులు. ఇంగ్లిష్‌లో తిడితే కంపెనీల మెషీన్లు పట్టుకుంటాయేమో, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టుని ఎవరు చూస్తున్నారు? ఏమీ అనుకోకండి, మీ పత్రిక ఫేస్‌బుక్ పేజీలో మణిపూర్ వార్తల కింద కామెంట్లు ఒకసారి చదవండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. జాతి పేరుతో తిట్టారా అనే ప్రశ్నకు ఎఫ్‌ఐఆర్‌లో, చిన్న ఫిర్యాదుల రిజిస్టర్‌లో ఒక గడి ఉండాలి, అన్న మాటని అన్నట్టే రాయాలి. ఢిల్లీ పోలీసులకి ఈశాన్య రాష్ట్రాల వాళ్ల కోసం ప్రత్యేక విభాగం, 1093 అనే హెల్ప్‌లైన్ ఉన్నాయి. ఇక్కడ అలాంటప్పుడు ఏ నంబర్‌కి చేయాలో ఆ అమ్మాయికి తెలియదు, నాకూ తెలియదు. నంబర్ ఉంటే సెలూన్లలో, పీజీల్లో హిందీలో, ఇంగ్లిష్‌లో అంటించండి. ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్నింటికి కేసు కట్టారో మూణ్ణెల్లకోసారి కమిషనరేట్లు ప్రకటించాలి. మీరు ఆ అంకెల్ని జిల్లా పేజీలో వేయండి.

– ఒక పాఠకుడు, మాదాపూర్, హైదరాబాద్