శక్తిమాన్ బేరానికి ముందు ఒక మాట

మిత్రులారా, బొబ్బిలిలో అమ్మకానికి ఉన్న పాత సైన్యం లారీ శక్తిమాన్‌ను చూడటానికి వచ్చేవారు ఆదివారం ఉదయం ఆరింటికల్లా విజయనగరం గంటస్తంభం దగ్గర ఉండండి.

అమ్మే ఆయన అది 2001 మోడల్ అంటున్నారు. శక్తిమాన్లను జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో 1959లో మొదలుపెట్టి 1996లోనే ఆపేశారు. పాత సైన్యం నంబరు ఎక్కడైనా మిగిలి ఉంటే పైకి చూసే బాణం పక్క రెండంకెలు చూడండి, సైన్యంలో చేరిన ఏడాది అదే. ఆ తరువాతే ధర మాట్లాడదాం.

రంగు చూసి మురిసిపోవద్దు. తొట్టి కింద దూరి చాసిస్‌ను సుత్తితో తట్టండి. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగితే లోపల తుప్పే. ఏళ్లుగా కదలని బండికి బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ముందు చక్రాలకు శక్తి అందుతోందో లేదో బురదలో నడిపి చూడాలి.

వేలంలో సైన్యం ఇచ్చిన ఫారం 21 (అమ్మకం ధ్రువపత్రం) అసలు ప్రతి లేకపోతే రిజిస్ట్రేషన్ తలనొప్పే. జిరాక్సు చూపిస్తే వెనక్కి వచ్చేద్దాం.

ఇంకొకటి, బాగుచేశాక ఆలివ్ ఆకుపచ్చ వేయించాలని ఉబలాటపడుతున్నవారికి: ఆ రంగు రక్షణశాఖ బండ్లకే. నాకూ బాధగానే ఉంది. సుత్తి నేను తెస్తాను, టార్చిలైటు ఎవరు తెస్తారు?